పడుకున్న ఎనిమిదికి వెంట్రుకవాసి ఇవతల

మొన్న ఆదివారం అల్మాస్‌గూడలో మా మేనమామ ఇంటి మేడ మీద నీళ్ళ ట్యాంకు పొర్లిపోతోందని అత్తమ్మ ఫోను చేసింది. ఇంజనీరింగు చదివిన మేనల్లుడు ఉన్నదే ఇలాంటి పనులకన్నది మా కుటుంబంలో ఎప్పుడో స్థిరపడిపోయిన అభిప్రాయం కనుక, ఎల్బీనగర్ నుంచి ఆటో ఎక్కి, రెంచీ, టేపు, కొత్త బాల్ వాల్వు సంచిలో పెట్టుకుని వెళ్ళాను. పని అయ్యేసరికి చీకటి పడింది. చేతులు తుడుచుకుంటూ అలవాటు కొద్దీ ఉత్తరం వైపు తల తిప్పాను. చాచిన చేతి పిడికిళ్ళు రెండు ఒకదాని మీద ఒకటి పెడితే వచ్చే ఎత్తుకు కాస్త తక్కువలో, అంటే పదిహేడు డిగ్రీల దగ్గర, ధ్రువ నక్షత్రం ఉండాలి. అక్కడ పక్కింటి మూడో అంతస్తు బాల్కనీలో ఒక పూల నైటీ ఆరేసి ఉంది.

నాకు కోపం వచ్చింది. నైటీ మీద కాదు, దాని యజమాని మీద అంతకన్నా కాదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా అక్కడ చుక్క కోసం వెతికిన నా మెడ మీద వచ్చింది.

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో కొన్నేళ్ళు గడిపిన నా ఈడు వాళ్ళకు ఆ రోజుల గురించి పెద్దగా చెప్పనక్కరలేదు. మెట్రో స్తంభాలు లేస్తున్న కాలం. కోచింగు సెంటర్ల బోర్డుల మీద మొహాలన్నీ ఒకే దుమ్ము రంగులో ఉండేవి. నలుగురం ఉండే గదిలో నా వాటాకి ఒక మంచం, మంచం కింద ఒక రేకు పెట్టె. కొత్తగా దొరికిన ఉద్యోగం, ఆదివారాలు ఖాళీ. ఆ ఖాళీలో నాకు నక్షత్రాలను ఫోటో తీయాలన్న పిచ్చి పట్టింది. అందుకు కావలసిన వస్తువుల జాబితా ఒకటి నోటుబుక్కులో రాసుకున్నాను. దానికి ఎదురుగా నా దగ్గర ఉన్న వాటి జాబితా రాస్తే అందులో ఒక్క నోటుబుక్కే తేలింది.

మొదట సెకండ్‌హ్యాండు డిజిటల్ కెమెరా కొన్నాను. కెమెరాల్లో సెన్సరు ముందు ఒక పల్చటి గాజు ఉంటుంది. మన కంటికి మామూలుగా కనిపించే రంగులే బొమ్మలో రావడానికి అది ముదురు ఎరుపును చాలావరకు ఆపేస్తుంది. ఆకాశంలోని వాయు మేఘాలు వెలిగేది సరిగ్గా ఆ ముదురు ఎరుపులోనే. అందుచేత ఆ గాజు తీసేయాలి. మంచం మీద తెల్ల దుప్పటి పరిచి, ఊడదీసిన ప్రతి మరనూ దాని స్థానం రాసిన కాగితం మీద అతికించి, ఒక ఆదివారమంతా కష్టపడి తీసేశాను. మరలన్నీ తిరిగి సరిపోయాయి. నా జీవితంలో ఇంత సజావుగా జరిగిన పని మరొకటి లేదు కనుక దాన్ని ఇక్కడ నమోదు చేస్తున్నాను.

ఆ కెమెరాతో మామ సరదాపడి అత్తమ్మను ఫోటో తీస్తే ఆమె పచ్చచీర ఇటుక రంగులో వచ్చింది. తెర మీద చూసుకుని, నా చీర ఎవరికిచ్చి ఇది కట్టబెట్టినవని మామను నిలదీసింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో దాని పేరు కామెర్ల కెమెరా.

ఇక లెన్సు. మా మామ నల్లగొండ పల్లె నుంచి చిన్నప్పుడే వచ్చి, సైదాబాద్‌లో ఒక ఉస్తాదు దగ్గర పని నేర్చుకుని, తర్వాత అదే వీధిలో సొంతంగా ఫోటో స్టూడియో నడిపిన మనిషి. ఫిల్ము పోయింది, స్టూడియో మూతపడింది, సామానంతా ఒక్కొక్కటిగా పోయింది. మిగిలింది మరలాగా బిగించే ఒక పాత లోహపు లెన్సు, పెళ్ళికొడుకుల షేర్వానీ గుడ్డ ముక్కలో చుట్టి బీరువాలో. దూరం నుంచి మొహాలు తీయడానికి వాడేవాడు. ఎన్నో పెళ్ళిళ్ళలో పట్టపగలు అరుంధతిని చూస్తున్న దంపతులను ఆ లెన్సుతోనే తీశానని, వాళ్ళలో ఒక్కరికైనా చుక్క కనబడింది లేదని చెప్పేవాడు. ఆ లెన్సు ఇమ్మని నేను అడిగితే రెండు వారాలు ఆలోచించాడు. చివరికి ఇస్తూ ఒక్క షరతు పెట్టాడు.

"స్టూడియో మూసినంక దీంతోని ఒక్క బొమ్మ పడలే అల్లుడా. ఒక్కటి తీసి తేవాలె. నా దగ్గర ఖాళీ ఫ్రేము ఒకటున్నది."

ఒక్క బొమ్మ. అది తేలికేననుకుని ఒప్పుకున్నాను.

పాత లెన్సును కొత్త కెమెరాకు తగిలించడానికి మధ్యలో ఒక రింగు కావాలి. ఆ రింగు మందం ఒకటిన్నర మిల్లీమీటరుకు కాస్త తక్కువ ఉండాలి. అంతకంటే లావైతే దూరపు వస్తువులు ఎప్పటికీ స్పష్టంగా రావు. పైగా నేను గాజు పీకేశాను కనుక లెక్క మళ్ళీ మారింది, రింగు ఇంకా పలచబడాలి. ఎల్బీనగర్ వెనక సందులో ఒక లేతు యంత్రం పనివాడి దగ్గరకు కొలతలు, బొమ్మ, రెండు వైపుల నుంచి గీసిన పటం పట్టుకుని వెళ్ళాను. అతను పటం తిరగేసి చూసి, "గింత సన్నం రింగు ఏం జేస్కుంటవ్ సార్, వాషర్‌కు ఎక్కువ, మూతకు తక్కువ," అన్నాడు. అని, నేను చెప్పినదానికంటే పావు మిల్లీమీటరు ఎక్కువే అరగదీశాడు. ఎందుకని అడిగితే నున్నగా రావడానికట.

దాని ఫలితం ఒకటుంది, ఈ కథంతా దాని మీదే నడిచింది కనుక చెప్పాలి. ప్రతి లెన్సుకూ ఫోకసు కోసం తిప్పే రింగు ఒకటుంటుంది, దాని మీద చివరన పడుకున్న ఎనిమిది అంకె లాంటి గుర్తు ఉంటుంది. అది అనంతం. కొండైనా చుక్కైనా, బాగా దూరంలో ఉన్న దేన్ని తీయాలన్నా రింగును ఆ చివరి వరకు తిప్పితే చాలు. మా లెన్సుకు మాత్రం ఇప్పుడు ఆ గుర్తు దగ్గర ఏదీ స్పష్టంగా రాదు. దానికి ఒక వెంట్రుకవాసి ఇవతల ఆగాలి. వెంట్రుకవాసి అటూ ఇటూ అయితే చుక్కలు చుక్కల్లా కాక తడిసిన కుంకుమ బొట్లలా వస్తాయి.

చుక్కలతో పాటు కెమెరా కూడా మెల్లగా తిరగాలి కదా, అందుకు రెండు చెక్కలను తలుపులకు వాడే ఒక మడత బందుతో కలిపి, మధ్యలో ఒక బోల్టు పెట్టి, గడియారం చూస్తూ నిమిషానికి ఒక చుట్టు చేత్తో తిప్పే ఏర్పాటు చేశాను. అది సరిగ్గా పని చేయాలంటే ఆ బందు ధ్రువ నక్షత్రం వైపు గురిపెట్టి ఉండాలి. అంటే మేం తీసేది తూర్పున గొల్లకావిడి మూడు చుక్కల చుట్టూ ఉన్న ఎర్ర మేఘాలనైనా, ముందు కనబడవలసింది ఉత్తరాన ధ్రువుడు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టలు మేడ మీద నుంచి ఉత్తరాన కనబడేది ఒక చీరల దుకాణం బోర్డు. ఊరి బయట గుట్టలకు పోవడానికి నాకు బండి లేదు. అప్పట్లో సగం ప్లాట్లు ఖాళీగా, చీకటిగా ఉన్న అల్మాస్‌గూడలో మామ ఇంటి మేడే నాకు దిక్కు.

ఆ చలికాలమే మామ ఇంటికి ఉత్తరం పక్క ప్లాటులో ఇల్లు లేవడం మొదలైంది. యజమాని గుంటూరు వైపు నుంచి వచ్చి కొత్తపేటలో అద్దెకుంటున్న రిటైర్డు ఉద్యోగి, చాలా మర్యాదస్థుడు, రోజూ ఉదయం వచ్చి ఇటుకలను పలకరించినట్టు చూసి పోయేవాడు. నేను మొదటిసారి లెన్సు బిగించేనాటికి ఆయన రెండో స్లాబు అయిపోయి, మూడోదానికి స్తంభాలు లేస్తున్నాయి. మూడో స్లాబు పడితే ధ్రువుడు దాని వెనక్కి పోతాడు. మేస్త్రీని అడిగితే, మంచి రోజు చూసి మూడు వారాల్లో పడుతుందన్నాడు. మూడు వారాలు. మంచు పొగ, మబ్బులు, నా ఉద్యోగం పోగా ఎన్ని సాయంత్రాలు మిగులుతాయో లెక్క వేస్తే తొమ్మిది తేలాయి. ఒక్క బొమ్మకు తొమ్మిది సాయంత్రాలు చాలవా అనుకున్నాను.

ఇక నా దినచర్య వినండి. ఆఫీసు నుంచి బస్సులో ఎల్బీనగర్, అక్కడి నుంచి షేరింగు ఆటోలో మీర్‌పేట్ మీదుగా అల్మాస్‌గూడ. మసక చీకట్లో మేడ ఎక్కి, ఒక పెద్ద చుక్క మీద గురిపెట్టి, ఒక ఫోటో తీసి, తెర మీద పెద్దది చేసి చూసి, రింగును వెంట్రుకవాసి జరిపి, మళ్ళీ తీసి, మళ్ళీ చూసి, ఇలా అరగంట. చుక్క సూదిమొన అంత చిన్నదయ్యాక రింగు కదలకుండా కాగితపు టేపు అంటించేవాణ్ణి. ఈలోగా అత్తమ్మ కింద నుంచి పిలుపు. ఆ ఇంట్లో తినకుండా ఆకాశం వైపు చూడటానికి వీల్లేదు. నేను తినడానికి దిగితే, పిల్లులు తిరుగుతాయని, పక్కన పనివాళ్ళున్నారని, మామ పైన కుర్చీ వేసుకుని కెమెరాకు కాపలా కూర్చునేవాడు. నేను వచ్చాక దిగి పోయేవాడు. నేను ఓ గంటన్నర బోల్టు తిప్పి, తీసినవన్నీ పట్టుకుని వెళ్ళి మర్నాడు గదిలో కంప్యూటరు మీద చూస్తే, అన్నీ కుంకుమ బొట్లు.

మొదటి సాయంత్రం నా చేతి వణుకనుకున్నాను. రెండోసారి చెక్కలనుకున్నాను. తర్వాత చలికి లోహం ముడుచుకుంటోందని, కెమెరా అద్దం అదురుతోందని, లేతువాడి రింగు వంకరని, లారీలు పోతే మేడ కదులుతోందని, నోటుబుక్కులో పన్నెండు అనుమానాలు వరస నంబర్లతో రాసి ఒక్కొక్కటే కొట్టేస్తూ వచ్చాను. కెమెరా కింద ఇసుక సంచీ కట్టాను. సాయంత్రం ముందే లెన్సును బయట పెట్టి చల్లబరిచాను. ఏదీ పని చేయలేదు. అటు పక్కన మాత్రం పని చక్కగా సాగుతోంది. ఆరో సాయంత్రానికి స్లాబు పోసేందుకు సెంట్రింగు బొంగులు నిలబెట్టారు. ఇక మిగిలిన అనుమానం ఒక్కటే, లెన్సే ముసలిదైపోయిందని, లోపలి గ్రీజు కారిపోయి గాజులు జారుతున్నాయని. అదే మామతో అన్నాను.

మామ ముఖం చిన్నబోయింది. "లెన్సు మీద మాట రానియ్యకు అల్లుడా. వెయ్యి పెండ్లిళ్ళు చూసిన కన్ను అది. నీకు తిప్పుడు రాకపోతే రాదను," అన్నాడు.

ఆ రాత్రి రింగు తిప్పడం నాకు రాకపోవడమేమిటని ఆటోలో దారంతా ఉడికిపోయాను.

ఎనిమిదో సాయంత్రం తినడానికి దిగినవాణ్ణి, చేతి గడియారం పైన మరిచిపోయానని గుర్తొచ్చి, కంచం ముందు నుంచి లేచి మళ్ళీ మేడ ఎక్కాను. చివరి మెట్టు దగ్గరే ఆగిపోయాను. మామ కుర్చీని కెమెరా దగ్గరకు జరుపుకుని కూర్చున్నాడు. కాగితపు టేపును గోటితో కొస లేపి, చిరగకుండా ఊడదీసి, మోకాలి మీద అంటించుకున్నాడు. లెన్సు రింగును రెండు వేళ్ళతో, నిద్రపోతున్న పాప తల సర్దినంత నెమ్మదిగా, చివరి దాకా తిప్పాడు. టేపు తీసి ఎక్కడిదక్కడే, అదే వంకరతో సహా మళ్ళీ అంటించాడు. ముందు గాజు మీద ఉఫ్ అని ఊది, మూత పెట్టాడు.

"ఏం జేస్తున్నవ్ మామా," అన్నాను.

"ఏం లేదు. నువ్వు మల్ల మర్చిపోయినవ్. పడుకున్న ఎనిమిది మీద లేదు, జర ఇవతల ఉన్నది."

"మల్ల అంటే? ఇంతకుముందు గూడ తిప్పినవా?"

"రోజూ తిప్పుతున్న. దినాం చెప్తే చిన్నబోతవని చెప్పలే."

నేను మెట్టు మీదే కూర్చున్నాను. సైదాబాద్ ఉస్తాదు నేర్పిన మొదటి పాఠం అదట. చేతిలో పని లేని లెన్సును పడుకున్న ఎనిమిది దగ్గర పడుకోబెట్టాలి. అలా చేస్తే లెన్సు పొట్టిగా ముడుచుకుని ఉంటుంది, దెబ్బ తగలదు, మళ్ళీ తీసేటప్పుడు రింగు ఎక్కడుందో చేతికి తెలుస్తుంది. దీపం పెట్టాక ఊడ్చకూడదన్నంత గట్టిగా నమ్మి, స్టూడియో నడిపినన్నాళ్ళూ పాటించిన నియమం. పైగా చుక్కలంటే అనంత దూరం కనుక నేను రోజూ తప్పు చోట ఆపుతున్నానని, పెద్ద చదువు చదివినవాడికి ఆ మాట మొహాన చెప్పడం బాగుండదని, చప్పుడు చేయకుండా దిద్దుతూ వచ్చాడు. టేపు ఎందుకు అంటించానో అడగలేదు. ఎందుకు అంటించానో నేను చెప్పలేదు. పన్నెండు అనుమానాలు రాసుకున్నవాణ్ణి, తినక ముందు చూసిన చుక్కను తిన్నాక మరొక్కసారి చూడాలని రాసుకోలేదు.

మధ్యలో పెట్టిన రింగు సంగతి, తీసేసిన గాజు సంగతి, లేతువాడి పావు మిల్లీమీటరు సంగతి అప్పుడు చెప్పాను. మామ లెన్సు మీది గుర్తును వేలితో తడిమాడు.

"అంటే నా ఎనిమిది తప్పా?"

"తప్పు గాదు మామా. నేను మధ్యల రింగు వెట్టి దాన్ని జరిపిన."

"మరి గది ముందుగాల చెప్పాలె గద," అన్నాడు.

చెప్పాలి. కోపం తీర్చుకోవడానికి ఇంకెవరూ మిగలకపోవడం ఎంత చిరాకో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

ఆ సాయంత్రం మబ్బు పట్టి పోయింది. మర్నాడు సెంట్రింగు రేకులు పరుస్తారని మేస్త్రీ చెప్పాడు. బొంగుల మధ్య నుంచి ఇంకా కనిపిస్తున్న ధ్రువుడు ఆ రేకులతోనే మూసుకుపోతాడు. నేను ఆశ వదిలేసి ఆఫీసులో కూర్చున్నాను. మామ మాత్రం పొద్దున్నే పోయి పక్క ప్లాటులో నిలబడ్డాడట. ఏ రేకుల వెనక చుక్క వస్తుందో ఇన్నాళ్ళ కాపలాలో మేడ మీద నుంచి చూసి పెట్టుకున్నాడు. మూలనున్న రెండు రేకులు ఒక్క రాత్రి పరవకుండా ఆపితే మేలని ఆ ఇంటి యజమానిని అడిగాడు. ఎందుకండీ అని ఆయన. ధ్రువ నక్షత్రం చూసుకునేది ఉన్నదని మామ.

"చుక్క కోసం సెంట్రింగు ఆపమన్న మనిషిని మిమ్మల్నే చూశానండీ," అని ఆయన, "వాస్తుకాండీ?" అని గొంతు తగ్గించి అడిగాడట.

"రేపు పొద్దుగాల ఏసుకోండ్రి," అన్నాడు మామ, అవుననీ కాదు, కాదనీ కాదు. వాస్తు మాట తన నోటి నుంచే వచ్చాక ఆయన మరి కాదనలేకపోయాడు. పైగా సైటు మీది పెద్ద లైటు కూడా ఆర్పించి వెళ్ళాడు.

ఆ సాయంత్రం గాలి కడిగినట్టు ఉంది. పరచిన రేకుల్లో తలుపంత ఖాళీ, ఆ ఖాళీలో ఒక చుక్క. బందు దానికి గురిపెట్టాను. అరగంట తంటాలు పడి ఫోకసు కుదిర్చాను. అప్పుడు మామ బీరువాలోంచి ఒక కుంచె తెచ్చాడు. నెగటివుల మీద మచ్చలు దిద్దడానికి వాడిన కుంచె, దాని కొన వెంట్రుకంత సన్నం. అత్తమ్మ గోళ్ళ రంగు సీసాలో దాన్ని ముంచి, నేను టార్చి పట్టుకుంటే, రింగు మీద ఒక ఎర్రటి గీత, దానికి ఎదురుగా లెన్సు మీద ఇంకొకటి, ఊపిరి బిగబట్టి పెట్టాడు. టేపు అక్కర్లేదన్నాడు. గడియారం కూడా అక్కర్లేదన్నాడు. చీకటి గదిలో ఏళ్ళ తరబడి క్షణాలు లెక్కపెట్టిన మనిషి, పెదవులు కదుపుతూ బోల్టు తానే తిప్పాడు. నేను తినడానికి కిందికి దిగలేదు. అత్తమ్మే కంచాలు పైకి తెచ్చి, ఇద్దరు పిచ్చోళ్ళని సాదుతున్ననని చీకటితో చెప్పుకుని దిగిపోయింది.

మర్నాడు తీసినవన్నీ కంప్యూటరులో ఒకదాని మీద ఒకటి పేర్చాను. చుక్కలు సూదిమొనలు. గొల్లకావిడి కింద, కంటికెప్పుడూ కనిపించని చోట, సాంబ్రాణి పొగలాగా ఒక ఎరుపు. గొప్ప ఫోటో కాదు, మూలలు సాగిపోయాయి, లోపాల జాబితా నా దగ్గర ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ప్రింటు వేయించి పట్టుకెళ్ళాను. అప్పటికి పక్కన మూడో స్లాబు పడి, నీళ్ళు కట్టి ఉంది.

మామ దాన్ని కిటికీ దగ్గరకు తీసుకుపోయి చాలాసేపు చూశాడు. చీకటి గదిలో ఎర్ర బల్బు ఒక్కటే పెట్టుకునేవాళ్ళమని, ఎందుకంటే ఫోటో కాగితానికి ఎరుపు కనబడదని, ఆ ఎరుపులో ఏం చేసినా కాగితానికి తెలియదని చెప్పాడు. "నా జిందగీ అంత ఈ రంగులనే ఉన్న అల్లుడా. మా కాగితానికి ఒక్కనాడు కనబడలే," అన్నాడు. ఫ్రేము తెచ్చి తానే బిగించాడు.

ఇప్పుడు నా దగ్గర మంచి పరికరాలున్నాయి. చుక్కను అవే వెతుక్కుంటాయి, ఫోకసు అవే సరిచేసుకుంటాయి, ధ్రువుడు కనబడకపోయినా ఏవో లెక్కలు వేసుకుని సర్దుకుంటాయి. అయితే అల్మాస్‌గూడలో ఇప్పుడు ఒక్క ఖాళీ ప్లాటు లేదు, వీధి వీధికీ తెల్లటి దీపాలు, గొల్లకావిడి మూడు చుక్కలు లెక్కకు వస్తే అదే పండగ. ఏడాదికి రెండుసార్లు బ్యాగు నింపుకుని ఊరికి దూరంగా పోతాను. పక్కన కుర్చీ వేసుకుని కాపలా కూర్చునేవాళ్ళు ఉండరు, నేను కుదిర్చినదాన్ని ఎవరూ చెడగొట్టరు. అంతా మొదటిసారే సరిగ్గా వస్తుంది. సరిగ్గా వచ్చినదాని గురించి ఎవరికైనా చెప్పడానికి ఏమీ ఉండదు.

మొన్న వాల్వు బిగించి కిందికి వచ్చాక, రెంచీ తుడవడానికి గుడ్డ కావాలంటే అత్తమ్మ బీరువాలో చూడమంది. పై అరలో షేర్వానీ ముక్కలో చుట్టి లెన్సు ఉంది. దాన్ని కెమెరాకు బిగించి ఎన్నో ఏళ్ళయింది. మామ మాత్రం నెలకోసారి తీసి తుడిచి పెడతాడని గుడ్డ మీద మడతలు చెప్పాయి. అలవాటు కొద్దీ రింగు చూశాను. చివరి దాకా తిప్పి ఉంటుందనే అనుకున్నాను.

రెండు ఎర్ర గీతలూ ఒకదానికొకటి ఎదురుగా ఉన్నాయి, పడుకున్న ఎనిమిదికి వెంట్రుకవాసి ఇవతల. పక్క గదిలో మామ టీవీ చూస్తున్నాడు. గీతలు కదలకుండా గుడ్డ చుట్టి, ఎక్కడిదక్కడ పెట్టేశాను.